వెతకని చోటు ఒకటి మిగిలింది

సుందరకాండలోని 68 సర్గలలో సముద్రలంఘనం, లంకాదహనం అందరి నోటా ఉంటాయి. నా మనసు మాత్రం 12, 13 సర్గల దగ్గరే ఆగిపోతుంది.

రావణుడి అంతఃపురమంతా వెతికాడు మారుతి. సీతమ్మ కనిపించలేదు. దిగులు ముంచుకొచ్చింది. 'అనిర్వేదః శ్రియో మూలం' అనుకున్నాడు. నిరాశ పడకపోవడమే శుభాలన్నిటికీ మూలమని తనకు తానే చెప్పుకుని, నాలుగు వేళ్లంత చోటు కూడా విడవకుండా మళ్లీ వెతికాడు. విచిత్రమేమిటంటే, తరువాతి సర్గలోనే ఇంకా లోతుగా కుంగిపోతాడు. మంచి మాట తెలిసి ఉన్నంత మాత్రాన ఆయనకే సరిపోలేదు, ఇక మనమెంత!

ఆ సర్గలో ఆయన ఉన్నది లంకలో. మనసు తిరుగుతున్నది కిష్కింధలో, అయోధ్యలో. సీత జాడ లేదని చెబితే రాముడు బతకడు, రాముడు లేకపోతే లక్ష్మణుడు ఉండడు, ఆ కబురు విని భరత శత్రుఘ్నులు, తల్లులు. ఇటు సుగ్రీవుడు, రుమ, తార, అంగదుడు, చివరికి వానరులందరూ. వీటిలో ఒక్కటీ జరగలేదు. ఆయనకు మాత్రం అన్నీ కళ్లముందే జరిగిపోతున్నాయి. తిరిగి వెళ్లడమే మానేద్దామా, ప్రాణాలే విడుద్దామా అన్నంతవరకూ వెళ్లి, బతికి ఉంటేనే మేలు చూడగలమని తేల్చుకుంటాడు.

అప్పుడు పడుతుంది చూపు, పెద్ద పెద్ద చెట్లున్న అశోకవనం మీద. 'ఇమామధిగమిష్యామి న హీయం విచితా మయా.' దీనిలోకి వెళతాను, దీన్ని నేనింకా వెతకలేదు. ఆకాశవాణి ఏదీ పలకలేదు. సీత అక్కడే ఉందని ఆయనకు తెలియదు కూడా. ఆ తోట ఒకటి మిగిలి ఉందని మాత్రమే తెలుసు.

దారి స్పష్టంగా కనిపించాక బయలుదేరుదామని కూర్చున్నవారిని ఈ శ్లోకం కుదురుగా ఉండనివ్వదు. జీవితమంతా ఎటు పోవాలన్న పెద్ద ప్రశ్నకు ఇందులో జవాబు దొరకదు. ఈ పూట ఇంకా చేయకుండా మిగిలినది ఏదన్న ప్రశ్నకు దొరుకుతుంది.

'నమోఽస్తు రామాయ సలక్ష్మణాయ' అనే ప్రసిద్ధ శ్లోకం వచ్చేది ఆ తరువాతే. వెళ్లాలని నిశ్చయించుకున్నాకే హనుమ చేతులు జోడించాడు. కష్టం వచ్చినప్పుడు ఆ శ్లోకం చదువుకోమని పెద్దలు చెబుతారు. చదువుకోవలసిందే. అయితే దాన్ని విడిగా తీసి జపించడం కన్నా, ముందున్న 'న హీయం విచితా మయా'తో కలిపి చదువుకోవడమే సబబని నాకు అనిపిస్తుంది.