ఆర్క్, క్రాస్_కంపైల్: కాన్ఫిగ్ గుర్తుపెట్టుకోని రెండు సంగతులు

రొయ్యల చెరువులో కరిగిన ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. ఆ వేళకి ఏరేటర్లు వాటంతటవే తిరిగేలా భీమవరం, ఆకివీడు చెరువుగట్ల మీద లినక్స్ బోర్డు (అరచేతంత కంప్యూటరు) పెడదామనుకునేవాళ్లు చాలాసార్లు ఆగిపోయేది లినక్స్ గుండెకాయైన కెర్నెల్‌ని కట్టుకోవడం, అంటే బిల్డు, దగ్గరే. సెన్సారు మాట్లాడేది ఆర్ఎస్-485 వైర్ల మీద, దాన్ని యూఎస్‌బీకి కలిపే ముక్కలో సీహెచ్340 చిప్పు, ఆ చిప్పుని నడిపే సీహెచ్341 మాడ్యూలు (డ్రైవరు) బోర్డు కెర్నెల్లో లేదు. అలాంటి బోర్డుల్లో ఒకటైన బీగల్‌బోన్ బ్లాక్‌కి ఉన్న ర్యామ్ 512 ఎంబీ. దాని మీద కెర్నెల్ కట్టడం వృథా, ల్యాప్‌టాప్‌లో కట్టుకోవాల్సిందే.

ల్యాప్‌టాప్‌ది ఎక్స్86 ప్రాసెసర్, బోర్డుది ఆర్మ్. అందుకు బిల్డు నడిపే మేక్ కమాండ్‌కి రెండు చెప్పాలి. ఆర్క్ అంటే ఏ ప్రాసెసర్ కోసమో. క్రాస్_కంపైల్ అంటే కంపైలర్ పేరు ముందుండే భాగం (ప్రిఫిక్స్), చివరి గీతతో సహా. 64 బిట్ రాస్ప్‌బెరీ పైకి ఆర్క్ 'ఆర్మ్64', ప్రిఫిక్స్ మాత్రం 'ఏఏఆర్క్64-లినక్స్-గ్నూ-'. రెండు పేర్లూ ఒకేలా ఉండవు, అక్కడే తడబడతారు. ప్రిఫిక్స్ మర్చిపోతే ల్యాప్‌టాప్ సొంత కంపైలరైన జీసీసీయే పరిగెత్తి 'ఎం-లిటిల్-ఎండియన్' ఆప్షన్ తెలీదని ఆగిపోతుంది. అది మేలే, తప్పు వెంటనే బయటపడింది.

అసలు ప్రమాదం ఆర్క్ మర్చిపోయి, కెర్నెల్ ఆప్షన్లు ఎంచుకునే మెనూకాన్ఫిగ్ తెరవడం. ఒక్క ఎర్రరూ రాదు. అది ఎక్స్86 మెనూ అని గమనించకుండా సేవ్ చేస్తే ఆర్మ్ ఆప్షన్లన్నీ చెప్పాపెట్టకుండా ఎగిరిపోతాయి. అనుమానం వస్తే ఆ ఎంపికలు దాచుకునే డాట్ కాన్ఫిగ్ ఫైలు పైన చూడండి: 'లినక్స్/ఆర్మ్64' అని ఉండాలి.

మరి ప్రిఫిక్స్‌ని కాన్ఫిగ్‌లోనే దాచొచ్చు కదా? ఒకప్పుడు దానికి ఆప్షన్ ఉండేది, 2018లో తీసేశారు. ఆ ఏడాది వచ్చిన 4.18 కెర్నెల్ నుంచి, ఆ మెనూని తయారుచేసే కెకాన్ఫిగ్ మెనూ తెరవకముందే కంపైలర్‌ని పిలిచి దానికి ఏ ఆప్షన్లు తెలుసో అడుగుతుంది, జవాబుని బట్టి మెనూ తయారవుతుంది. కంపైలర్ ఎవరో ముందే తెలియాలి కాబట్టి ఆ పేరు మెనూలో ఉండి లాభం లేదు. పాత ట్యుటోరియల్స్ చూసి ఆ ఆప్షన్ కోసం వెతక్కండి.

ఈ రెండింటినీ ఎక్స్‌పోర్ట్ చేసి, టెర్మినల్ తెరిచినప్పుడల్లా నడిచే బాష్ఆర్‌సీ ఫైలులో పడేయడం నాకు నచ్చదు. రెండో బోర్డు 32 బిట్‌ది వచ్చిందంటే గందరగోళమే. బోర్డుకొక బిల్డ్ ఫోల్డరు, ఒక చిన్న షెల్ స్క్రిప్టు చాలు. అందులో ఒకటే లైను:

మేక్ ఓ=../బిల్డ్-పై ఆర్క్=ఆర్మ్64 క్రాస్_కంపైల్=ఏఏఆర్క్64-లినక్స్-గ్నూ- "$@"

ఓ, ఆర్క్, క్రాస్_కంపైల్ మూడూ ఇంగ్లిష్ పెద్దక్షరాల్లోనే. సోర్సు ఫోల్డర్లో ముందే ఒకసారి కట్టి ఉంటే 'సోర్స్ ట్రీ క్లీన్‌గా లేదు, ఎంఆర్‌ప్రాపర్ చెయ్యి' అంటుంది. పాత బిల్డు తుడిచేసే ఆ ఎంఆర్‌ప్రాపర్ డాట్ కాన్ఫిగ్‌ని కూడా చెరిపేస్తుంది, ముందు కాపీ తీసుకోండి.

స్క్రిప్టు అసలు ఉపయోగం అడ్మిన్ హక్కులతో కమాండ్ నడిపే సుడో దగ్గర తెలుస్తుంది. సుడో మామూలుగా మనం ఎక్స్‌పోర్ట్ చేసినవి వదిలేస్తుంది. మాడ్యూళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పే ఇన్‌స్టాల్_మాడ్_పాత్ అలా జారిపోతే మేక్ మాడ్యూల్స్_ఇన్‌స్టాల్ మాడ్యూళ్లని బోర్డు మెమరీ కార్డులో కాకుండా ల్యాప్‌టాప్ లిబ్/మాడ్యూల్స్‌లోకి నెట్టేస్తుంది. కాబట్టి దాన్నీ స్క్రిప్టు పేరు తర్వాత అదే లైన్లో రాయండి. బోర్డు మీద మాడ్యూలు ఎక్కించబోతే 'ఇన్‌వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్' వస్తే కెర్నెల్ సందేశాలు చూపే డీమెస్గ్‌లో మాడ్యూలుదీ కెర్నెల్‌దీ వెర్షన్ మ్యాజిక్ (వెర్షన్ గుర్తు) రెండూ పక్కపక్కనే ఉంటాయి. తేడా తరచూ చివరనున్న ఒక్క ప్లస్ గుర్తే: గిట్ సోర్సులో విడుదల ట్యాగు దాటి కొత్త మార్పులు (కమిట్లు) ఉంటే వెర్షన్‌కి అది తగులుకుంటుంది. అప్పుడు మాడ్యూలొక్కటీ కాదు, కెర్నెల్ ఇమేజినీ అదే బిల్డ్ నుంచి కార్డులోకి మార్చాలి.