అమ్మ చీరతో బొంత

రాత్రి పన్నెండింటికి మిషన్ మీద మూత పెట్టాను. ఆదివారం మా చెల్లెలి కూతురి బారసాల. పాపకి బొంత, రెండు జుబ్బాలు, దాంతోపాటు ఫ్రెండ్ వాళ్ల మూడేళ్ల బాబుకి గుడ్డ ఏనుగు. అన్నీ అయ్యాయి!

బొంత పైభాగం అమ్మ పాత మంగళగిరి నూలు చీర. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడింది. జరీ అంచు పసిదాని బుగ్గకి గీసుకుంటుందని భయమేసి, మనసు ఒప్పకపోయినా కత్తిరించేశాను. ఆ ముక్కే ఏనుగు వీపు మీద అంబారీ గుడ్డ అయింది. ఎంత బాగుందో! కళ్లకి గుండీలు పెట్టలేదు, పిల్లలు పీకి నోట్లో పెట్టుకుంటారు. నల్లదారంతో కుట్టేశాను.

జుబ్బాల గుడ్డ విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత బట్టల మార్కెట్‌కి వెళ్లి తెచ్చుకున్నాను. తొందరలో తడపకుండానే కత్తిరించాను. కుట్టి ఉతికితే ముడుచుకుపోయి మెడ పట్టలేదు. ఏడుపొచ్చింది. మిగతా గుడ్డ రాత్రంతా నానబెట్టి, నీడలో ఆరేసి, ఇస్త్రీ చేసి మళ్లీ మొదలుపెట్టాను. నూలు గుడ్డ కొత్తదైతే ముందు తడపాల్సిందే. ఈసారి కుట్లు ఒంటికి ఒరుసుకోకుండా బయటివైపుకి వేసి, ముందు నాడాలు పెట్టాను.

పొద్దున అమ్మ బొంత ఒళ్లో వేసుకుని చాలాసేపు నిమురుతూ కూర్చుంది. "ఇది నువ్వు కడుపులో ఉన్నప్పుడు కట్టుకున్న చీరే" అంది. నాకు తెలియనే తెలియదు.

చెంగు ఇంకా మిగిలింది. గుంటూరులో మా తోటికోడలికి నెలలు నిండుతున్నాయి. ఆ చెంగు వాళ్ల బిడ్డకే.