ముద్రణ ఏడాది చిక్కని వంటల పుస్తకం

ఈసారి తెచ్చిన పుస్తకం బుర్ర తినేస్తోంది. ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల్లో మిగతావి బాగానే పడ్డాయి. ఊరగాయల పుస్తకం ఒకటి అట్టతో సహా 150 రూపాయలకే వచ్చింది. గొడవంతా 700 పెట్టి కొన్న ఈ తలా తోకా లేనిదానితోనే.

9వ పేజీతో మొదలై 152 దగ్గర ఆగిపోతుంది. ఫారానికి (ఒకే షీటు మడిచి కుట్టే పేజీల కట్టకి) 8 పేజీలు, అంటే మొదటి ఫారం మొత్తం పోయింది. రచయిత్రి పేరు, ప్రెస్సు, వెల, సంవత్సరం అన్నీ దాంతోనే పోయాయి. సైజు 12.1 × 17.9 సెం.మీ., అంటే అంచులు కోసిన క్రౌన్ అనే పుస్తకాల సైజు. న్యూస్‌ప్రింటు రకం కాగితం, మూల మడిస్తే విరిగిపోతోంది.

కొలతలు దాదాపు అన్నీ పాతకాలపు వీశెలు, పలాలు, తులాలు, సోలలు, గిద్దెలు. మాగాయకి ముక్కలు ఒక వీశె, అంటే 120 తులాలు, సుమారు 1.4 కిలోలు. మెట్రిక్ తూనికలు 1958 అక్టోబరులో మొదలయ్యాయి కాబట్టి అంతకుముందుదే అని అమ్మేవాళ్ళు వాదిస్తారు. నేను ఒప్పుకోను. పాత పాఠాన్నే అలాగే మళ్ళీ అచ్చేసిన పుస్తకాలు బోలెడు. వీశెలు పాఠం వయసు చెబుతాయి, చేతిలో ఉన్న కాపీ వయసు చెప్పవు. ధరంతా ఆ తేడాలోనే ఉంది. మాలతీ చందూర్ ‘వంటలు–పిండివంటలు’ ఎన్నోసార్లు అచ్చయింది. అందులో తొలి ముద్రణకీ తర్వాతివాటికీ ఒకే ధర ఎవరిస్తారు?

అసలు చిక్కు 73–80 ఫారం. మిగతా పేజీల్లో 26 పంక్తులుంటే ఇక్కడ 29. నాలుగు కాగితాలు కలిపి మందం కొలిచే కాలిపర్‌లో పెడితే మిగతా ఫారాలు 0.36 మి.మీ., ఇది 0.44. పైగా ఇందులో ప్రెషర్ కుక్కర్ పప్పు, ‘50 గ్రాముల నెయ్యి’! 72వ పేజీలో వంటకం పూర్తయిపోతుంది, 81లో కొత్త ప్రకరణం మొదలవుతుంది, కాబట్టి పాఠం అతుకు చూసి తేల్చే వీల్లేదు.

కుట్టు రంధ్రాలు చూశాను. మిగతా ఫారాలకు మూడు, దీనికి ఐదు. మూడు సరిగ్గా కలుస్తాయి, అదనపు రెండింటి చుట్టూ తీగ కుట్టు వదిలే తుప్పు మరక లేదు. అంటే ఈ ఫారం ఇంతకుముందు ఎక్కడో దారంతో కుట్టి ఉండాలి. నా ఊహ: అసలు ఫారం ఊడిపోతే, ఇదే పుస్తకం తర్వాతి ముద్రణలోంచి తీసి ఎవరో బైండరు అతికించాడు. లేదా ప్రచురణకర్తే కొత్త ఫారం కూర్పించి వేసి ఉండాలి, కానీ అప్పుడు అదనపు రంధ్రాలకు లెక్క కుదరదు.

365 నానోమీటర్ల యూవీ టార్చి వేస్తే ఏ పేజీ మెరవలేదు. చవక కాగితంలో తెల్లదనం కోసం కలిపే మెరుపు రసాయనం ఎలాగూ ఉండదు, కాబట్టి ఈ రకం పుస్తకాలకు ఆ టార్చి దండగ.

గట్టి ఆధారం ఒక్కటే. 41వ పేజీ అంచున ఇంకుపెన్నుతో ‘ఉప్పు తగ్గించాలి, 4-11-63’ అని ఉంది. అంటే పుస్తకం ఒళ్ళు 1963 నవంబరు దాటదు. రాతలున్నాయని ధర తగ్గించేవాళ్ళంటే నాకు కోపం. వంటల పుస్తకానికి అవే ప్రాణం, నూనె మరకలు కూడా నాకు అభ్యంతరం కాదు. లామినేషన్, సెల్లోటేపు మాత్రం క్షమించను. అతుకులకు ఫెవికాల్ కంటే పల్చటి మైదా జిగురే నా ఓటు, తడిపితే మళ్ళీ ఊడొస్తుంది.

ఇప్పుడున్న స్థితిలో 700 సరిపోయిన ధరే. 1958కి ముందుదని తేలితే 2,500కి కూడా ఇవ్వను.

ముందు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని తెలుగు స్కాన్లలో 26 పంక్తుల క్రౌన్ పుస్తకాలు వెతకాలి. తర్వాత 1918 నుంచీ ఉన్న వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి వెళ్ళాలి, వీలైతే రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికీ. మీ ఇంట్లో 41వ పేజీలో మాగాయ ఉన్న ఇలాంటి పుస్తకం ఉంటే, 73వ పేజీలో ఏ వంట ఉందో చూసి చెప్పండి.