ఎమ్మెస్‌తో పాటు వచ్చిన దిగులు

కావలిలో మా ఇంటి వసారాలోనే నా కుట్టుమిషను. పెళ్లి జాకెట్టుకు ఎర్రపట్టు కత్తిరిస్తుంటే ఎడమ కన్ను కదిపినప్పుడల్లా లోపల సలిపింది. కుడి కన్ను మూసి చూస్తే అదే పట్టు వెలిసిపోయిన ఇటుక రంగులో ఉంది. నెల్లూరులో ఎమ్మారై తీశాక నరాల డాక్టరు మల్టిపుల్ స్క్లెరోసిస్ (పొట్టిగా ఎమ్మెస్) అన్నారు. ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాములోని నరాల మీది మైలిన్ పొరను దెబ్బతీసే జబ్బు ఇది. స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో చూపు చాలావరకు తేరుకుంది.

అసలు కష్టం ఆ తర్వాతే. తెల్లవారకముందే మెలకువ వచ్చేది, లేవబుద్ధయ్యేది కాదు. చేపల పులుసు ముందు పెట్టినా ముద్ద దిగేది కాదు. ఎండదెబ్బ నీరసమని ఇంట్లో అనుకున్నారు. ఆ నీరసం నాకు తెలుసు. ఒంటి వేడి పెరిగితే దెబ్బతిన్న నరాల్లో సంకేతాలు ఇంకా మందగిస్తాయి, రోహిణి కార్తెలో నా కాళ్లు బరువెక్కుతాయి. చన్నీళ్లు పోసుకుని ఫ్యాను కింద పడుకుంటే అది తగ్గుతుంది. ఇది తగ్గలేదు. నేను లేకపోతే వీళ్లందరికీ సుఖమన్న ఆలోచన రోజూ వచ్చేది.

“ధైర్యంగా ఉండమ్మా, పిల్లల ముఖం చూసుకో” అనేది మా అత్తమ్మ. ప్రేమతోనే అనేది. ధైర్యం చాలక వచ్చింది కాదు కదా! ఎమ్మెస్ ఉన్నవారిలో దాదాపు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ వస్తుంది. జబ్బు తెచ్చే బెంగ ఒక్కటే కాదు, మెదడులోని మచ్చలు, వాపు కూడా అందుకు కారణమవుతాయి. ఈ మాట నాకు మానసిక వైద్యురాలు చెప్పారు. గడిచిన రెండు వారాల్లో నిద్ర, ఆకలి, పనిమీద ఆసక్తి, చావు ఆలోచనలు ఎలా ఉన్నాయో ఒక్కొక్కటే అడిగారు. చివరి ప్రశ్నకు మా ఆయన ఎదుటే నిజం చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

మాత్ర పనిచేయడానికి వారాలు పట్టింది. కౌన్సెలింగ్ ఫోనులోనే జరిగింది, ఎండలో బస్సెక్కే బాధ తప్పింది. ఎండ ముదరకముందే హుక్కులు కుట్టడం వంటి చిన్న పని ఒకటి పెట్టుకోమన్నారు. మొదట్లో రెండు హుక్కులకే చాలించేదాన్ని. ఒకరోజు పొద్దున జాకెట్టు మొత్తం అయిపోయింది, ఆకలేసి నేనే వంటింట్లోకి వెళ్లాను.

నరాల డాక్టర్లు కళ్లు చూస్తారు, మోకాలి మీద తట్టి చూస్తారు, నడిపించి చూస్తారు. మనసు ఎలా ఉందని కూడా ప్రతిసారీ అడగాలి. అడగకపోతే మనమే చెప్పాలి. చావు ఆలోచనలు వస్తుంటే మాత్రం అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, ఇంట్లో ఒకరికి చెప్పి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.