హోప్ ఐలాండ్‌లో మోకాటిలోతు గుంట

ఇసుకనూ ఒండ్రునూ పరిశీలించడమే వృత్తిగా ఇరవై ఆరేళ్లు గడిపిన నేను, మొన్న జనవరిలో కాకినాడలో పడవెక్కి హోప్ ఐలాండ్‌కు వెళ్లాను. పేరుకు ద్వీపమే గాని, అది కాకినాడ అఖాతానికి సముద్రం వైపున సుమారు 16 కిలోమీటర్లు సాగిన ఇసుక దిబ్బ. గోదావరి గౌతమి పాయ కడలిలో వదిలిన ఇసుకను నైరుతి ఋతుపవనాల అలలు తీరం వెంబడి ఉత్తరానికి తోసుకుపోగా, గత రెండు శతాబ్దాలలో పెరిగింది. మా శాస్త్రంలో అది నిన్నటి మాట.

ఒడ్డున మోకాటిలోతు గుంట తవ్వి, గోడను తాపీతో నున్నగా చెక్కాను. లేత గోధుమరంగు ఇసుకలో, సముద్రం వైపు వాలుగా, నల్లటి పొరలు బయటపడ్డాయి. భూతద్దం కింద ఇల్మెనైట్ అనే నల్లని బరువైన ఖనిజం, తూర్పు కనుమల ఖోండలైట్ రాళ్ల నుంచి వచ్చే ఎర్రని గార్నెట్ రేణువులు మెరిశాయి. తుపాను వేళ ఉద్ధృతమైన అల వెనక్కి పోతూ 2.65 సాంద్రత గల క్వార్ట్జ్‌ను, అంటే మామూలు లేత ఇసుక రేణువులను, ఈడ్చుకుపోతుంది, దాదాపు 4.7 ఉన్న ఇల్మెనైట్ కదలకుండా ఉండిపోతుంది. చేటలో చెరిగితే పొట్టు పోయి గింజ మిగిలినట్లే.

"ఏం దొరికిందండీ, బంగారమాండీ?" అన్నాడు పడవ నడిపే ఆయన. "పాత తుపాను దొరికిందండీ" అన్నాను సరదాకి. నిజానికి ఆ మాట తప్పే. పొరకొక తుపాను చొప్పున లెక్కగట్టలేము. తరువాతి తుపాను మునుపటి పొరను తుడిచివేసి ఉండవచ్చు. మేటలో మిగిలినదే మనకు కనబడుతుంది, కొట్టుకుపోయినది కనబడదు. చేరిన కొత్తలో ఇది తెలియక, పొరలు లెక్కబెట్టి నేను రాసిన నివేదికను మా పెద్దాయన తిప్పి పంపారు.

తిరుగు ప్రయాణంలో ఆటు తగిలి, కోరంగి మడ అడవుల దగ్గర పడవ బురదలో కూరుకుంది. తోయడానికి దిగితే తొడలదాకా దిగబడ్డాను. కుళ్లిన గుడ్డు వాసన. మంచినీటిలో విడివిడిగా తేలివచ్చిన బంకమట్టి రేణువులు ఉప్పునీటిలో గుంపులు కట్టి, బరువెక్కి అడుగుకు దిగుతాయని ఏళ్ల తరబడి పాఠం చెప్పినవాణ్ణి, ఆ పాఠంలోనే ఇరుక్కుని పోటు కోసం రెండు గంటలు కూర్చున్నాను.

"మా చిన్నప్పుడు వరదకి నీళ్లు ఇంకా ఎర్రగా వచ్చేవండీ" అన్నాడాయన. ఎగువన జలాశయాలు ఒండ్రును ఆపేస్తున్నాయని వివరించబోయాను. అంతలో పడవ కదిలింది.