గట్టు తగాదా, శుభలేఖ, సందెవాళ్ళు

శనివారం, రాత్రి పదకొండు. పర్లాకిమిడి.

మేనల్లుడు నిన్న సాయంత్రం పాతపట్నం నుంచి వచ్చాడు. తొమ్మిదో తరగతి. రాత్రి అన్నం తిన్నాక నేను తయారుచేస్తున్న అంతరిక్ష రాజ్యాల గేమ్ ఇచ్చి ఆడమన్నాను. గంటన్నర ఆడాడు. లాప్‌టాప్ నా వైపు తిప్పి, "మావయ్యా, నీ గ్రహాంతరవాసులంతా ఒక్కలాగే ఉన్నారు. మొహాలే వేరు" అన్నాడు. నాకు ఎప్పటికో గానీ నిద్ర పట్టలేదు.

వాడన్నది నిజం. రెండేళ్ళుగా దుకాణం కట్టేశాక కూచుని నాలుగు జాతులు చేశాను. ఓడలు వేరు, రంగులు వేరు, పలకరింపులు వేరు. నడిచే దారి మాత్రం అందరిదీ ఒకటే. ముందు వ్యాపారం అంటారు. కొన్నాళ్ళకి సరిహద్దులు కలుస్తాయి. కలిసిన ప్రతి నక్షత్రానికీ టర్నుకి (ఆటలో ఒక్కో వంతుకి) రెండు చొప్పున ఘర్షణ పెరుగుతుంది. ఎనభయ్యో టర్ను వచ్చేసరికి యుద్ధం. ఎవరితో ఆడినా అంతే.

1993లో వచ్చిన మాస్టర్ ఆఫ్ ఓరియన్ అనే అంతరిక్ష గేమ్‌లోనే ప్రతి రాజుకీ ఒక స్వభావం, ఒక ధ్యేయం ఇచ్చారు. స్వభావాలు ఆరు, ధ్యేయాలు ఆరు. మాట మీద నిలబడేవాడు ఒకడైతే, కారణం లేకుండా ఒప్పందం తెంచేసే చంచలుడు ఇంకొకడు. అంత చిన్న ఏర్పాటుతోనే ఆ రాజులు గుర్తుండిపోతారు. నేనూ స్వభావాలు పెట్టాను. కానీ స్వభావం బయట నుంచి అతికిస్తే అతకదు, వాళ్ళుండే నేలలోంచి రావాలని నా నమ్మకం. అందుకే సందెవాళ్ళని చేశాను. నలుగురిలో నాకు బాగా ఇష్టమైనవాళ్ళు వాళ్ళే.

మన సూర్యుడికి అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారి. దూరం సుమారు 4.2 కాంతి సంవత్సరాలు. దాని చుట్టూ పదకొండు రోజులకోసారి తిరిగే గ్రహాన్ని 2016లో కనుక్కున్నారు. అంత దగ్గరగా తిరిగే గ్రహం, చంద్రుడు మనకి ఎప్పుడూ ఒకే మొహం చూపించినట్టు, తన నక్షత్రానికి ఒకే వైపు చూపిస్తూ ఉండిపోవచ్చంటారు. అలాంటి చోట ఒక పక్క ఎప్పుడూ మిట్టమధ్యాహ్నం, ఇంకో పక్క ఎప్పుడూ అర్ధరాత్రి. రెండిటి మధ్య గ్రహాన్ని చుట్టి గాజులాగా ఒక సందెవెలుగు పట్టీ. నా సందెవాళ్ళు ఆ పట్టీ మీద ఉంటారు. అంటే ప్రతి ఊరికీ పొరుగూళ్ళు రెండే. ఒకళ్ళతో పూర్తిగా చెడిందా, అవతలి ఊరికి పోవాలంటే గ్రహమంతా చుట్టి రావాలి.

ఇదంతా పరిచయ వాక్యాల్లో ఎంతో ఇష్టంగా రాశాను. కోడ్‌లో మాత్రం వాళ్ళకీ టర్నుకి రెండే పెట్టాను. పిల్లాడు పట్టుకున్నది సరిగ్గా అదే.

పొద్దున్న ఆ దిగులుతోనే దుకాణం తెరిచాను. డీటీపీ, జిరాక్సు పని కదా, పది దాకా ఆధార్ జిరాక్సులే సరిపోయాయి. పదకొండింటికి ఇద్దరు పెద్దమనుషులు శుభలేఖ కొట్టించడానికి వచ్చారు. అమ్మాయిది ఏటి అవతల ఆంధ్రా వైపు ఊరు, అబ్బాయిది ఇవతల మా ఒడిశా వైపు. అబ్బాయి తల్లి తరఫు బంధువులంతా బరంపురంలో ఉన్నారు కాబట్టి కార్డు ఎడమ పక్క తెలుగు, కుడి పక్క ఒడియా కావాలన్నారు. తెలుగు పేజీ నెత్తిన 'శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు', ఒడియా పేజీ నెత్తిన జగన్నాథుడి బొమ్మ. ఈ పక్కది ఆ పక్కకి అనువాదం కాదు. ఎటు బంధువులు ఏది లేకపోతే నొచ్చుకుంటారో అటు అది ఉంటుంది. ఇలాంటివి నెలకి నాలుగైదు చేస్తాను.

పేర్లు టైపు చేస్తుంటే అమ్మాయి తండ్రి ఇంటిపేరు ఎక్కడో కొట్టినట్టనిపించింది. ఫోల్డర్‌లో వెతికితే దొరికింది. రెండేళ్ళ కిందట ఈయనే నా దగ్గర అర్జీ రాయించుకున్నాడు. పొలం గట్టు మూడడుగులు జరిపేశారని, ఇప్పుడు పక్క కుర్చీలో కూచున్న వియ్యంకుడి మీదే! నేను ఏమీ అనలేదు. స్క్రీను చూసి ఆయనే అన్నాడు: "ఉందా అది ఇంకా? ఉండనీ బాబూ, తీయకు. పిల్లనిచ్చినాను గానీ గట్టు ఇవ్వలేదు."

అవతలాయన మొహం ఏమీ మారలేదు. "గట్టు సంగతి పెళ్ళయ్యాక చూద్దారి. ముందు భోజనాల టైము సరిగ్గా ఎయ్యండి" అన్నాడు. తర్వాత ఇద్దరూ అక్షరాల సైజు మీద వాదించుకుని, ఒకే బండి మీద వెళ్ళిపోయారు.

నా తప్పు ఎక్కడుందో నాకప్పుడు తెలిసింది. నేను అన్నిటినీ కూడేస్తున్నాను. సివిలైజేషన్ ఫోర్ అనే గేమ్‌లో (2005) అవతలి రాజు మీద మౌస్ పెడితే మన మీద అతనికున్న ఇష్టాయిష్టాలు ప్లస్సులు, మైనస్సులుగా కనిపిస్తాయి. స్టెల్లారిస్‌లోనూ (2016) అంతే, సరిహద్దు తగాదాతో సహా. కారణాలు ఆటగాడికి కనపడటం గొప్ప మేలు, దాన్ని వదులుకోను. కానీ చివర్లో అవన్నీ కలిసి ఒక అంకె అవుతాయి. గట్టుకి మైనస్ నలభై, పెళ్ళికి ప్లస్ అరవై, మొత్తం ఇరవై. నా గేమ్ కూడా ఇలాగే లెక్కేస్తుంది. ఆ ఇద్దరూ ఇరవై కాదు. అరవైకి అరవై, నలభైకి నలభై అలాగే ఉన్నాయి. నా ఫోల్డర్‌లో అర్జీ, శుభలేఖ పక్కపక్కన ఉన్నట్టు.

ఇక్కడ పుట్టిపెరిగి ఇది ఇన్నాళ్ళూ నాకు తోచకపోవడం బాధగా ఉంది. వంశధార నీళ్ళు చెరిసగమని ఒడిశా, ఆంధ్రా 1962లోనే ఒప్పందం రాసుకున్నాయి. ఆ ఏటి మీది నేరడి బ్యారేజీ తగాదా మీద 2010లో ట్రిబ్యునల్ వేయాల్సి వచ్చింది. ఆ ఏళ్ళన్నిటా ఆంధ్రాలో ఉన్న పాతపట్నం నీలమణి దుర్గ గుడికి ఒడిశా నుంచి జనం వెళ్తూనే ఉన్నారు. కొరాపుట్ వైపు కొఠియా ఊళ్ళు ఇరవై ఒకటి, రెండు రాష్ట్రాలూ మావే అంటాయి. అక్కడి జనం దగ్గర రెండు వైపుల కార్డులూ ఉంటాయి. మావాళ్ళవండి అంటూ అటు నుంచీ ఇటు నుంచీ పథకాలు వస్తాయి. నా గేమ్‌లో ఇద్దరు అడిగే గ్రహం ఉంటే యుద్ధం ఒక్కటే దారి. ఇద్దరూ పోటీపడి రోడ్డేసే గ్రహం ఎందుకుండకూడదు? ఇది ఇంకోరోజు చెయ్యాలి.

మధ్యాహ్నం జనం లేనప్పుడు బిల్లు పుస్తకం వెనక రాసుకున్నాను. పగ ఒక ఖాతా, పొత్తు ఒక ఖాతా. రెండూ ఎప్పుడూ కలవకూడదు. పగ పెరిగితే మాట కరుకవుతుంది, సుంకం పెరుగుతుంది, ప్రతి ఒప్పందంలోనూ పాత సంగతి ఎత్తుతారు. యుద్ధం మాత్రం పొత్తు అడుగంటినప్పుడే. సందెవాళ్ళ పగ ఎన్ని టర్నులైనా తరగదు, పొరుగుతో పొత్తు సున్నాకి దిగదు. మంచు కింది సముద్రంలో ఉండే గుంపుజీవులకి దీనికి తలకిందులు: పది టర్నుల్లో అన్నీ మరిచిపోతారు, ఎవరితోనూ పొత్తు నిలవదు.

ఇంకో చిక్కు కూడా దీంతో తీరింది. 1980 ప్రాంతంలో రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ అనే అమెరికా రాజనీతి శాస్త్రవేత్త, సహకరించాలా మోసం చెయ్యాలా అని ప్రతిసారీ తేల్చుకునే ఆటలో కంప్యూటర్ ప్రోగ్రాములకి పోటీ పెడితే, అనటోల్ రాపపోర్ట్ పంపిన అతి చిన్న ప్రోగ్రాము గెలిచింది. మొదట సహకరించు, తర్వాత అవతలివాడు కిందటిసారి చేసిందే నువ్వూ చెయ్యి. దెబ్బకు దెబ్బ. నా జాతులన్నిటికీ అదే పెట్టాను. దాని లోపం ఏమిటంటే, పొరపాటున ఒక్క దెబ్బ పడినా రెండు వైపులా మారుమోగుతూనే ఉంటుంది. దారి తప్పిన ఒక్క గస్తీ ఓడ వల్ల నా గేమ్‌లో వంద టర్నుల యుద్ధాలు జరిగాయి. పొత్తు విడిగా ఉంటే ఆ మోత అక్కడ ఆగుతుంది.

రాత్రి తొమ్మిదిన్నరకి మార్చడం అయింది. కావాలనే నా ఓడతో సందెవాళ్ళ మంచు ఎత్తుకొచ్చాను. వెంటనే సుంకం మూడింతలు చేశారు. పదిహేను టర్నుల తర్వాత నా గ్రహంలో పంట పోయింది. అడక్కుండానే ధాన్యం ఓడ వచ్చింది, కింద రెండు వాక్యాలతో: "మా మంచు లెక్క అలాగే ఉంది. ఇది దారి కోసం."

మేనల్లుడు భుజం మీంచి చూస్తున్నాడు. పగ 35, పొత్తు 52, రెండూ పక్కపక్కన. "వీళ్ళు మనవాళ్ళా కారా, మావయ్యా?" అన్నాడు.

నేను జవాబు ఆలోచించుకునే లోపే లాప్‌టాప్ తన వైపు లాక్కున్నాడు. ఇప్పటికి ముప్పై టర్నులు ఆడాడు. ఇంకా ఆడుతున్నాడు.