డిజైన్ ఫైల్‌లో లేనివన్నీ ఎవరి పని?

మంగళవారం. నేను ఫ్రంట్ ఎండ్ డెవలపర్‌ని, అంటే డిజైనర్ గీసిన పేజీని బ్రౌజర్‌లో పనిచేసేలా కోడ్‌లో కట్టేదాన్ని. స్టాండప్‌లో, అంటే ఎవరేం చేస్తున్నారో చెప్పుకునే చిన్న మీటింగ్‌లో, ఎవరి దగ్గరా పెద్ద కబుర్లేం లేవు. నా వంతు రాగానే "ఆర్డర్ల పేజీ మొదలుపెడుతున్నా" అని ఒక్క ముక్క చెప్పేసి పనిలో పడ్డాను.

డిజైన్ ఫైల్ నిన్ననే వచ్చింది. ఫిగ్మాలో (పేజీల డిజైన్ గీసే సాఫ్ట్‌వేర్) తెరిచి చూస్తే ముచ్చటగా ఉంది, అబద్ధం చెప్పను. 1440 పిక్సెళ్ల వెడల్పుకి ఒక ఫ్రేమ్, ఫోన్ కోసం 375కి ఇంకో ఫ్రేమ్. వస్తువుల పేర్లన్నీ పొట్టివి, ఫొటోలన్నీ ఒకే సైజు, ఏ వరుస చూసినా వివరణ సరిగ్గా రెండు లైన్లు. అసలు డేటా ఎక్కడైనా ఇంత బుద్ధిగా ఉంటుందా? కాఫీ తాగుతూ ఫైల్‌లో లేనివన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. 900 పిక్సెళ్ల దగ్గర ఈ టేబుల్ ఏమవ్వాలి, టేబుల్‌గానే నలిగిపోవాలా, కార్డులుగా మారాలా? ఇంతవరకూ ఒక్క ఆర్డరూ పెట్టని మనిషికి ఏం కనబడాలి? సర్వర్ పలక్కపోతే? వస్తువు పేరు మూడు లైన్లు అయితే? మౌస్ ముట్టుకోకుండా ట్యాబ్ నొక్కుకుంటూ వచ్చేవాళ్లకి ఇప్పుడు ఏ బటన్ మీద ఉన్నామో ఎలా తెలియాలి?

అడుగుదామంటే మా డిజైనర్ మధ్యాహ్నం దాకా సెలవు. సరే, నాకు తోచినట్టు చేసుకుంటూ పోయాను. వెడల్పు 800 కన్నా తగ్గితే కార్డులు, పేరు రెండు లైన్లు దాటితే చివర చుక్కలు, ఎర్రర్ వస్తే పేజీ మొత్తం కాకుండా ఆ ముక్క వరకే సందేశం, పక్కన "మళ్లీ ప్రయత్నించండి" బటన్. ఇవన్నీ డిజైన్ నిర్ణయాలే కదా. కోడ్ ఎడిటర్‌లో కూర్చుని తీసుకున్నాను కాబట్టి ఎవరూ వాటిని డిజైన్ అనరు, అంతే తేడా.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, సరిగ్గా ఇవాళే టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి చాట్‌లో అడిగాడు: "అక్కా, ఫ్రంట్ ఎండ్ చేసేవాళ్లు వెబ్ డిజైన్ కూడా నేర్చుకోవాలా? ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తున్నారు. ఫిగ్మా కోర్సు ఒకటి చూశాను, చేరిపోనా?" దాంతో పాటు ఒక ఉద్యోగ ప్రకటన కూడా పంపాడు. పైన "ఫ్రంట్ ఎండ్ డెవలపర్" అని ఉంటుంది, కిందికి వెళ్లేకొద్దీ యూఎక్స్ రీసెర్చ్, లోగోలు, బ్యానర్లు, ఇలస్ట్రేషన్లు, యానిమేషన్, అన్నీ వచ్చి ఉండాలట.

ఇలాంటి ప్రకటనలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇద్దరు ముగ్గురు చేయాల్సిన పని ఒక జీతంతో గడిచిపోవాలనే ఆశ తప్ప ఇందులో నైపుణ్యం గురించిన ఆలోచన ఏమీ లేదు. వాడేవాళ్లతో కూర్చుని మాట్లాడి వాళ్లకి ఎక్కడ అడ్డం పడుతోందో పట్టుకోవడం ఒక వృత్తి, ఒక సంస్థకి రంగులూ అక్షరాలూ గొంతూ కలిపి ఒక రూపం తేవడం ఇంకో వృత్తి, బొమ్మ గీయడం సంగతి సరేసరి. వీటిని వారాంతపు కోర్సుల్లో నేర్చేసుకోవచ్చని ఎవరైనా అంటే, జావాస్క్రిప్ట్ కూడా అలాగే వారాంతంలో వచ్చేస్తుందని డిజైనర్లతో అనమనండి, చూద్దాం.

కాబట్టి "నేర్చుకోవాలా" అంటే ముందు ఏ డిజైన్ అని అడగాలి. ఒకప్పుడు డిజైన్‌కీ కోడ్‌కీ మధ్య గీత కొంచెం తేలిగ్గా గీసుకునేవాళ్లు: డిజైనర్ పేజీ బొమ్మ ఇస్తాడు, డెవలపర్ దాన్ని అచ్చుగుద్దినట్టు కడతాడు. 2010లో ఈథన్ మార్కాట్ అనే వెబ్ డిజైనర్ ఒక వ్యాసంలో రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అనే పేరు పెట్టి, సాగే గ్రిడ్డూ సాగే ఫొటోలూ స్క్రీన్ వెడల్పుని బట్టి రూపం మార్చే మీడియా క్వెరీలూ కలిపి చూపించినప్పటి నుంచి ఆ పద్ధతికి కాళ్లు విరిగాయని నా అభిప్రాయం. బొమ్మకి వెడల్పు ఒకటే ఉంటుంది, పేజీకి అలా ఉండదు. రెండు ఫ్రేముల మధ్య ఉన్న వందల వెడల్పుల్లో పేజీ ఎలా ఉండాలో రాసేది సీఎస్‌ఎస్, ఆ సీఎస్‌ఎస్ రాసేది మనం. ఆ మేరకు డిజైన్ మన నెత్తిన ఎప్పుడో పడింది. కళ్లు తెరుచుకుని చేస్తామా, గుడ్డిగా చేస్తామా అన్నదే మిగిలింది.

అబ్బాయికి ఇదంతా చెప్తే "అంటే సరిగ్గా ఏం నేర్చుకోవాలి అక్కా" అన్నాడు. ఉపన్యాసం ఎందుకులే అని తను పోయిన వారం కట్టిన చిరునామా ఫారమ్‌నే స్క్రీన్ మీద తెరవమన్నాను. లేబుల్‌కీ దాని కింద ఉన్న పెట్టెకీ మధ్య 16 పిక్సెళ్లు, ఆ పెట్టెకీ తర్వాతి లేబుల్‌కీ మధ్య కూడా 16. కోడ్ ప్రకారం చూస్తే ఎంత పద్ధతిగా ఉందో! చూసేవాడికి మాత్రం "పిన్‌కోడ్" అన్న మాట పై పెట్టెదో కింది పెట్టెదో తెలియదు. దగ్గరగా ఉన్నవాటిని మన కన్ను ఒక గుంపుగా చూస్తుంది, మాక్స్ వెర్ట్‌హైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1923లోనే దీని గురించి రాశాడు. లేబుల్ కింద 4కి తగ్గించి, ఫీల్డుల మధ్య 24కి పెంచమన్నాను. రెండే అంకెలు మారాయి. "ఇంతేనా!" అన్నాడు. ఇంతే, కానీ ఏ అంకె ఎందుకు మార్చాలో తెలియాలి కదా, ఏ టెస్టూ దీన్ని పట్టుకోదు.

తర్వాత రంగు. ఆర్డర్ల పేజీలో తేదీలన్నీ లేత బూడిద రంగులో ఉన్నాయి, కోడ్‌లో దాని పేరు #999. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద దాని కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ వెనక రంగుకీ ఉన్న వెలుగు తేడా, 2.85కి 1. డబ్ల్యూసీఏజీ (వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే ప్రమాణాలు) నియమాల ప్రకారం మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5 ఉండాలి. #777 పెట్టినా 4.48 దగ్గరే ఆగిపోతుంది, #767676 అయితే గట్టెక్కుతుంది. కంటికి ఆ రెండింటికీ తేడా తెలియదు గానీ నియమానికి తెలుస్తుంది. కనీసంతో సరిపెట్టడం నాకు నచ్చదు, ఇంకా ముదురు చేశాను. దీనికి కళాదృష్టి అక్కర్లేదు, బ్రౌజర్‌లోనే ఉండే డెవ్‌టూల్స్ (డెవలపర్ల పనిముట్లు)లో రంగు మీద నొక్కితే అంకె కనబడుతుంది.

తాకే చోటు కూడా ఇలాంటిదే. డిజైన్‌లో డిలీట్ ఐకాన్ 16 పిక్సెళ్లే. 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 కనీసం 24 అంటుంది, ఆపిల్ 44 పాయింట్లు, గూగుల్ మెటీరియల్ 48 అంటాయి. ఐకాన్‌ని పెంచితే అందం పోతుందని డిజైనర్ అంటుంది, ఆ మాట నిజమే. ఐకాన్ 16 లాగే ఉంచి చుట్టూ ప్యాడింగ్ (ఖాళీ జాగా) పెట్టి బటన్‌ని 44 చేస్తే ఇద్దరికీ గొడవ లేదు. ఈ ఉపాయం డిజైన్ మాత్రమే తెలిసినవాళ్లకి తట్టకపోవచ్చు, కోడ్ మాత్రమే తెలిసినవాళ్లకి అవసరమే తట్టదు. అలాగే హెడ్డింగ్‌కి లైన్ హైట్ (ఒక్కో లైన్‌కి ఇచ్చే ఎత్తు) 1.1 ఇచ్చి, ఎత్తు బిగించి, మిగిలింది దాచెయ్ అంటే ఇంగ్లీషులో అందంగానే ఉంటుంది, తెలుగు పెట్టగానే కింద వత్తులు తెగిపోతాయి. ఫైల్‌లో ఉన్నది ఇంగ్లీషు టెక్స్ట్ మరి.

మధ్యలో బ్యాకెండ్ (సర్వర్ వైపు కోడ్) రాసే మిత్రుడొకడు దూరాడు, "డిజైన్ సిస్టమ్ ఉందిగా, కాంపోనెంట్లు తెచ్చి పేర్చుకోవడమేగా మీ పని" అంటూ. డిజైన్ సిస్టమ్ అంటే టీమ్ అంతా వాడుకునే రెడీమేడ్ బటన్లూ పెట్టెలూ, వాటి నియమాలూ. పేర్చడమే! ఒకే పేజీలో మూడు ప్రైమరీ (ముఖ్యమైన పనికి పెట్టే) బటన్లు పక్కపక్కన పెట్టినా డిజైన్ సిస్టమ్ వద్దనదు, అన్నీ నియమం ప్రకారమే ఉంటాయి, చూసేవాడికి మాత్రం దేని మీద నొక్కాలో తెలియదు. వాడికి ఈ సంగతి చెప్పాను గానీ విన్నట్టు లేడు.

ఇంత చెప్పినా, కోర్సులో ఇప్పుడే చేరొద్దనే అబ్బాయికి చెప్పాను. ఎందుకంటే అదే ఫారమ్‌లో సబ్మిట్ బటన్ ఒక డివ్, అంటే బటన్‌లా కనబడే ఉత్త పెట్టె. దాని మీద క్లిక్ పనిచేస్తుంది, కీబోర్డ్ పనిచేయదు. ముందు పేజీ నిర్మాణం రాసే హెచ్‌టీఎమ్‌ఎల్ గట్టిగా రావాలి, ముక్కల్ని పేజీలో అమర్చే గ్రిడ్, ఫ్లెక్స్‌బాక్స్ చేతికి అలవాటవ్వాలి, ఆ తర్వాత ఫిగ్మా ఎక్కడికీ పోదు. ఆలోపు ఏదైనా నచ్చిన సైట్ తీసుకుని ఒక పేజీని చూస్తూ కట్టమన్నాను, ఊరికే కాపీ కొట్టకుండా ఈ గ్యాప్ ఇంత ఎందుకు పెట్టారు, లైన్ ఇక్కడే ఎందుకు ఆపేశారు అని ప్రతిచోటా అడుగుతూ. ఒంటరిగా ఫ్రీలాన్స్ చేసేవాడైతే నా సలహా ఇలా ఉండేది కాదు, వాడికి వేరే దిక్కు లేదు, మొదటి రోజు నుంచే రెండూ నేర్చుకోవాలి. బిల్డ్ టూల్స్, స్టేట్ మేనేజ్‌మెంట్ లాంటి తెర వెనక పని మాత్రమే చూసుకునేవాళ్లు కాంట్రాస్ట్, ఫోకస్ (ట్యాబ్ నొక్కితే ఎక్కడున్నామో చూపించడం) లాంటి నాలుగు విషయాలు తెలుసుకుంటే చాలు.

మధ్యాహ్నం డిజైనర్ వచ్చాక నేను చేసినవన్నీ లింక్ పంపాను. 800 దగ్గర కార్డులు సరే అంది, తేదీల రంగు ఫైల్‌లో కూడా మార్చేసింది. ఖాళీ పేజీకి నేను ఒక బొమ్మ, కింద రెండు వాక్యాల పలకరింపు పెట్టాను, అది మాత్రం తీసేయమంది. "ఇక్కడికొచ్చే వాళ్లలో చాలామంది పెట్టిన ఆర్డర్ కనబడక వస్తారు, వేరే అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటారు. వాళ్లని పలకరించి ఏం చేస్తాం? ఏ అకౌంట్‌లో ఉన్నారో చూపించు." సపోర్ట్‌కి వచ్చే ఫిర్యాదులు తను కూర్చుని చదువుతుంది, ఆ సంగతి నాకు తెలియదు. లైన్ హైట్లూ కాంట్రాస్ట్‌లూ ఎన్ని నేర్చుకున్నా ఈ జవాబు నా దగ్గర పుట్టేది కాదు. బొమ్మ తీసేసి ఈమెయిల్ పెట్టాను, పక్కన "అకౌంట్ మార్చండి" అని చిన్న లింక్.

ఇంకో తగువు మిగిలే ఉంది. ఫైల్‌లో గ్యాప్‌లు ఒకచోట 13, ఒకచోట 15, ఇంకోచోట 18 ఉన్నాయి, నా కోడ్‌లో అన్నీ 4 గుణిజాలే. రేపు పదకొండింటికి కూర్చుని తేల్చుకుందామని అనుకున్నాం. అబ్బాయిని కూడా రమ్మన్నాను, ఆ డివ్‌ని బటన్ చేశాకే రమ్మన్నాను.